తీర్మానం చాలదు: ప్రొటెస్టెంటు సంఘాలు సామాజిక సంస్కరణను నడిపించే తీరు

ప్రొటెస్టెంటు సంఘాలన్నిటి తరఫునా మాట్లాడగల అధికారి ప్రపంచంలో ఎక్కడా లేరు. కాథలిక్కులకు పోప్ ఉన్నారు. ఆయన రాసిన లేఖ అన్ని దేశాల బిషప్పులకూ చేరుతుంది. ప్రొటెస్టెంట్లలో మాత్రం ఒక బాప్టిస్టు సంఘం పక్క వీధిలోని మెథడిస్టు సంఘం మాట వినాల్సిన పని లేదు. పక్క ఊరి బాప్టిస్టు సంఘం మాట కూడా వినక్కర్లేదు. అయినా బ్రిటన్‌లో బానిస వ్యాపారం రద్దయినప్పుడు, అమెరికాలో మద్యనిషేధం వచ్చినప్పుడు, నల్లజాతివారు పౌరహక్కులు సాధించుకున్నప్పుడు ఈ సంఘాలు ముందు వరసలో ఉన్నాయి. ఆజ్ఞాపించేవారు లేకుండా అంత పని ఎలా సాగింది?

మహాసభలు చేసిన తీర్మానాల వల్ల అది సాగలేదు. వారం వారం కూడే మనుషులు, క్రమం తప్పకుండా వసూలయ్యే చిన్న చందా, ఒకే ఒక్క పని కోసం పుట్టిన కమిటీ కలిసిన చోటే సంస్కరణ కదిలింది. వీటిలో ఏ ఒక్కటి లోపించినా పని కాగితం మీదే ఆగిపోయింది. ఈ మాటకు చరిత్రలో సాక్ష్యం బోలెడంత ఉంది.

ఎవరి సంతకం కావాలి?

పాలన పద్ధతిని బట్టి ఈ సంఘాలు స్థూలంగా మూడు రకాలు. ఆంగ్లికన్లకూ, మెథడిస్టుల్లో చాలామందికీ బిషప్పులు ఉంటారు. ప్రెస్బిటేరియన్, రిఫార్మ్‌డ్ సంఘాలను ఎన్నికైన పెద్దలు మెట్లు మెట్లుగా ఉన్న సభల ద్వారా నడుపుతారు. బాప్టిస్టులు, కాంగ్రిగేషనల్ సంఘాలవారు, చాలామంది పెంతెకొస్తులు ఏ సంఘానికా సంఘం స్వతంత్రంగా ఉంటారు. సంస్కరణ పనికి పూనుకునేవారు ముందుగా తేల్చుకోవలసింది తమది ఇందులో ఏ రకం అన్నదే. ఎవరి అనుమతి కావాలి, ఎవరు అడ్డుపడగలరు, ఎంతకాలం పడుతుంది అన్నవి దాన్నిబట్టే ఉంటాయి.

మెట్ల పద్ధతిలో తీర్మానం ప్రయాణం నెమ్మది. అమెరికాలోని ప్రెస్బిటేరియన్ చర్చిలో ఒక స్థానిక సంఘం పెద్దలు ఒక ప్రతిపాదన రాస్తారు. అది ప్రాంతీయ సభ అయిన ప్రెస్బిటరీకి వెళుతుంది. అక్కడ చర్చ జరిగి, ఓటింగులో నెగ్గితేనే రెండేళ్లకోసారి కూడే జనరల్ అసెంబ్లీకి చేరుతుంది. అక్కడ ముందు ఒక కమిటీ, ఆపైన నిండు సభ దాన్ని చూస్తాయి. యునైటెడ్ మెథడిస్ట్ చర్చిలో జనరల్ కాన్ఫరెన్స్ మామూలుగా నాలుగేళ్లకోసారి జరుగుతుంది. దానికి ఏ సభ్యుడైనా సరే నేరుగా అర్జీ పంపుకోవచ్చు. చర్చి మొత్తం తరఫున అధికారికంగా మాట్లాడే హక్కు మాత్రం ఆ సభ ఒక్కదానికే ఉంది. గడువు తేదీ ఒక్కరోజు దాటినా తరవాతి సభ దాకా ఎదురుచూడాలి కాబట్టి, అనుభవమున్నవాళ్లు సభ తేదీ నుంచి వెనక్కి లెక్కవేసుకుంటూ పని మొదలుపెడతారు.

స్వతంత్ర సంఘాల్లో ఇంత తతంగం లేదు. పాస్టరు, డీకన్లు, సభ్యులు ఒక సాయంత్రం కూర్చుని నిర్ణయిస్తే మర్నాడే పని మొదలవుతుంది. పక్క సంఘాన్ని కదిలించాలంటే మాత్రం మళ్లీ మొదటినుంచీ నచ్చచెప్పుకోవాలి. సదరన్ బాప్టిస్ట్ కన్వెన్షన్ 1995లో బానిసత్వాన్ని సమర్థించిన తన గతానికి క్షమాపణ చెబుతూ తీర్మానం చేసింది. ఆ తీర్మానానికి ఏ స్థానిక సంఘాన్నీ కట్టడి చేసే అధికారం లేదు. అది ఆ వ్యవస్థ స్వభావం.

తీర్మానం నెగ్గాక ఎక్కువగా జరిగే పొరపాటు ఒకటుంది. అందులో ‘కోరుతున్నాం’, ‘ఖండిస్తున్నాం’, ‘పిలుపునిస్తున్నాం’ అన్న మాటలు పదేసి ఉంటాయి గానీ, ఎవరు చేయాలి, ఏ పద్దులోంచి ఖర్చు పెట్టాలి, ఎప్పటికల్లా నివేదిక ఇవ్వాలి అన్న మూడు ముక్కలు ఉండవు. ఆ మూడూ లేని తీర్మానం సభ ముగిసిన రోజే ముగిసిపోతుంది. యునైటెడ్ మెథడిస్టులు తమ తీర్మానాలకు ఎనిమిదేళ్ల గడువు పెట్టుకున్నారు. తిరిగి ఆమోదిస్తే తప్ప అవి పుస్తకంలోంచి తొలగిపోతాయి. ఇది మంచి నియమం. పాత తీర్మానాన్ని మళ్లీ ఆమోదించాలంటే ఈ ఎనిమిదేళ్లలో ఏం చేశామన్న ప్రశ్న తప్పకుండా వస్తుంది.

వారానికో పెన్నీ

సభలను పక్కనపెట్టి కింది స్థాయికి వస్తే అసలు యంత్రాంగం కనిపిస్తుంది. 1742లో బ్రిస్టల్ నగరంలోని మెథడిస్టులకు తమ కూడిక మందిరం మీద అప్పు ఉంది. ఒక్కొక్క సభ్యుడు వారానికి ఒక పెన్నీ ఇస్తే తీరిపోతుందని ఒకరు సూచించారు. చాలామంది అంత కూడా ఇచ్చుకోలేని పేదలని ఇంకొకరు అభ్యంతరం చెప్పారు. అయితే అందరిలోకీ పేదవాళ్లను పదకొండు మందిని నాకు అప్పగించండి, వారం వారం వాళ్ల ఇళ్లకు వెళ్తాను, ఇవ్వలేనివాళ్ల వంతు నేనే వేస్తాను అని సూచన చేసిన మనిషి ముందుకొచ్చాడు. మిగతావాళ్లూ ఆ పద్ధతికి ఒప్పుకున్నారు. పన్నెండు మందికి ఒక నాయకుడు చొప్పున ‘క్లాసు’లు అలా ఏర్పడ్డాయి.

అప్పు సంగతి అటుంచితే, దీనివల్ల రెండు పెద్ద ఫలితాలు వచ్చాయి. ప్రతి సభ్యుణ్నీ వారానికోసారి ఎవరో ఒకరు ముఖాముఖి కలుస్తున్నారు కాబట్టి ఎవరింట్లో జబ్బు, ఎవరికి పని పోయింది, ఎవరు తాగుడుకు బానిసయ్యారు అన్నది సంఘానికి తెలుస్తూ వచ్చింది. మామూలు కూలీలకు సమావేశం నడపడం, లెక్కలు రాయడం, పదిమందిలో నిలబడి మాట్లాడటం అలవాటైంది. 1834లో వ్యవసాయ కూలీల సంఘం పెట్టుకున్నందుకు టోల్‌పడిల్ గ్రామం నుంచి ఆరుగురిని ఆస్ట్రేలియాకు ప్రవాసం పంపారు. వాళ్లలో ఎక్కువమంది మెథడిస్టులే. నాయకుడు జార్జ్ లవ్‌లెస్ మెథడిస్టు బోధకుడు. కార్మిక సంఘాన్ని ఎలా నడపాలో వాళ్లు ఎక్కడో చదివి నేర్చుకోలేదు. మందిరంలో నేర్చుకున్నదాన్నే పొలానికి పట్టుకెళ్లారు.

జర్మనీలో మరో దారి పట్టారు. యోహాన్ హిన్రిచ్ విచెర్న్ 1833లో హాంబర్గ్ దగ్గర దిక్కులేని పిల్లలకు ఒక ఆశ్రమం ప్రారంభించాడు. పిల్లలందరినీ ఒకే పెద్ద హాల్లో పడుకోబెట్టకుండా, చిన్న చిన్న కుటుంబాలుగా విడదీసి ఒక్కో కుటుంబాన్ని ఒక శిక్షణ పొందిన సహాయకుడికి అప్పగించాడు. 1848లో విట్టెన్‌బర్గ్ సభలో ఆయన ఇచ్చిన పిలుపుతో దేశంలోని ఇలాంటి సంస్థలన్నిటినీ కలిపే కేంద్ర కమిటీ ఏర్పడింది. కైసర్స్‌వెర్త్‌లో థియోడర్ ఫ్లీడ్నర్ 1836లో పెట్టిన డీకనెస్‌ల (సంఘ సేవకు అంకితమైన స్త్రీల) శిక్షణాలయం నర్సింగుకు ఒక క్రమాన్ని నేర్పింది; ఫ్లోరెన్స్ నైటింగేల్ 1851లో అక్కడే తర్ఫీదు పొందింది. జర్మన్ పద్ధతిలో సేవ గొప్పగా సాగింది. కాకపోతే సేవ చేసే సంస్థ ప్రభుత్వంతో, దాతలతో సఖ్యంగా ఉండాలి. చట్టం మార్చమని అదే ప్రభుత్వాన్ని నిలదీసే పని దానిచేత అయ్యేది కాదు. నేటికీ ఆసుపత్రులు, హాస్టళ్లు నడిపే సంఘాలకు ఇదే ఇబ్బంది. అందుకే సేవకూ సంస్కరణకూ వేర్వేరు కమిటీలు, వేర్వేరు ఖాతాలు ఉండటం మేలు.

1787 కమిటీ

1787 మే 22న లండన్‌లో క్వేకర్లు అనే చిన్న ప్రొటెస్టెంటు శాఖకు చెందిన ముద్రాపకుడు జేమ్స్ ఫిలిప్స్ అచ్చాఫీసులో పన్నెండు మంది కలిసి బానిస వ్యాపార నిర్మూలన కమిటీగా ఏర్పడ్డారు. వాళ్లలో తొమ్మిది మంది క్వేకర్లు, ముగ్గురు ఆంగ్లికన్లు. ఈ లెక్క కావాలని వేసుకున్నదే. క్వేకర్లకు దేశమంతటా క్రమంగా కూడే సమాజాలు, ఉత్తరాలు నడిపే అలవాటు, వ్యాపారస్థుల డబ్బు ఉన్నాయి. కానీ ప్రమాణం చేయడానికి ఒప్పుకోరు కాబట్టి వాళ్లకు పార్లమెంటులో చోటు లేదు. జనం దృష్టిలో వాళ్లు వింత మనుషులు కూడా. ఆంగ్లికన్ల పేర్లు ఆ కమిటీకి గౌరవం తెచ్చాయి. పార్లమెంటులో మాట్లాడే పనిని ఎంపీ విలియం విల్బర్‌ఫోర్స్ తలకెత్తుకున్నాడు.

వాళ్లు మొదట చేసిన నిర్ణయం లక్ష్యాన్ని కుదించుకోవడం. బానిసత్వాన్ని మొత్తంగా కాకుండా, బానిసల వ్యాపారాన్ని మాత్రమే రద్దు చేయమని అడిగారు. ఆస్తిహక్కు జోలికి వెళ్తే పార్లమెంటు వినదనీ, ఓడలూ రేవులూ ప్రభుత్వం చేతిలో ఉన్న విషయమనీ వాళ్ల లెక్క. కొందరికి అది పిరికి లెక్కగా తోచింది. ఇరవై ఏళ్లకు, 1807లో చట్టం వచ్చింది.

పని విభజన చూడండి. థామస్ క్లార్క్‌సన్ బ్రిస్టల్, లివర్‌పూల్ రేవులకు వెళ్లి నావికులను, ఓడ వైద్యులను కలిసి సాక్ష్యాలు సేకరించాడు. సంకెళ్లు, బొటనవేళ్లను నలిపే మరలు వంటివి రేవు దుకాణాల్లోనే కొని తెచ్చి చూపించాడు. జోసయా వెడ్జ్‌వుడ్ కుమ్మరి కర్మాగారం మోకరిల్లిన బానిస బొమ్మతో పతకాలు తయారుచేసింది. 1789లో కమిటీ అచ్చువేసిన బ్రూక్స్ అనే బానిసల ఓడ పటం వీటన్నిటికన్నా బలంగా పనిచేసింది. ఆ పటంలో ఆవేశం లేదు, కొలతలు ఉన్నాయి. ఒక్కో మగవాడికి ఆరడుగుల పొడవు, పదహారు అంగుళాల వెడల్పు చోటు. ఓడల్లో బానిసల సంఖ్యకు పరిమితి పెట్టిన అప్పటి కొత్త చట్టం ప్రకారం ఆ ఓడలో 454 మందిని ఎక్కించవచ్చు. అంతకుముందు ఒక ప్రయాణంలో 609 మందిని ఎక్కించారు. పటం చూసినవాళ్లకు మిగతాది ఎవరూ వివరించనక్కర్లేకపోయింది. దాన్ని ఇళ్లలోనూ సత్రాల్లోనూ గోడలకు అంటించుకున్నారు.

1792లో పార్లమెంటుకు 519 అర్జీలు చేరాయి; సుమారు 3,90,000 సంతకాలు. ఆ రోజుల్లో సంతకం చేయించాలంటే కాగితం ఊరూరా తిరగాలి, ఎక్కడో ఒకచోట బల్ల మీద పెట్టాలి, చదవలేనివాళ్లకు ఎవరో చదివి వినిపించాలి. ఆ పనంతా మందిరాలు, స్థానిక కమిటీలు పంచుకున్నాయి. బానిసల చెమటతో తయారైన వెస్టిండీస్ చక్కెర వాడొద్దన్న పిలుపు వంటింట్లోకి వెళ్లింది. అర్జీ మీద సంతకం ఒక్కసారితో అయిపోతుంది. చక్కెర మానడం రోజూ చేయాల్సిన పని, అందులో స్త్రీలదే నిర్ణయం.

స్త్రీల సంఘాలు ఊరికే అనుసరించలేదు. 1824లో లెస్టర్‌కు చెందిన క్వేకర్ ఎలిజబెత్ హేరిక్ క్రమక్రమంగా కాదు, తక్షణమే విముక్తి కావాలని వాదించింది. బానిసత్వ నిర్మూలనకు పనిచేస్తున్న పెద్ద సంస్థ నాయకులు ఇంకా ‘క్రమంగా’ అనే అంటున్నారు. బర్మింగ్‌హామ్ స్త్రీల సంఘం ఆ సంస్థకు పెద్ద దాతల్లో ఒకటి. ఆ మాట తీసేయకపోతే విరాళం ఆపేస్తామని 1830లో తేల్చిచెప్పారు. ఆ ఏడాదే ఆ మాట పోయింది. ఓటుహక్కు లేనివాళ్లు కూడా చందా పుస్తకం తమ చేతిలో ఉంటే విధానాన్ని మార్చగలరని దీన్నిబట్టి తెలుస్తుంది. ఇప్పటికీ చాలా సంఘాల్లో స్త్రీల సమాజమే ఎక్కువ పోగుచేస్తుంది. నిర్ణయాలు తీసుకునే కమిటీలో మాత్రం వాళ్లకు ఒకటో రెండో కుర్చీలు. అది అన్యాయం మాత్రమే కాదు, పనికి నష్టం కూడా.

ఓటును గురిపెట్టిన లీగ్

అమెరికాలో 1893లో ఒహాయో రాష్ట్రంలోని ఓబర్లిన్‌లో పుట్టిన యాంటీ సెలూన్ లీగ్ (సెలూన్ అంటే అక్కడ మద్యం దుకాణం) ఈ పద్ధతిని పూర్తిగా వృత్తిగా మార్చింది. సభ్య సంఘాలు ఏడాదికొక ఆదివారం తమ ప్రసంగ వేదికను లీగ్ మనిషికి ఇచ్చేవి. ఆయన మాట్లాడటం అయ్యాక చిన్న కార్డులు పంచేవారు. నెలనెలా ఎంత ఇస్తారో జనం వాటి మీద రాసి సంతకం చేసేవారు. ఆ చిన్న మొత్తాలతోనే జీతాలిచ్చి పూర్తికాలపు సిబ్బందిని పెట్టుకున్నారు. 1909లో వెస్టర్‌విల్‌లో సొంత అచ్చాఫీసు మొదలుపెట్టి కరపత్రాలు, పత్రికలు గుట్టలుగా పంపారు.

ఎన్నికల్లో వాళ్ల సూత్రం ఒకటే: అభ్యర్థి ఏ పార్టీవాడైనా, ఇంట్లో తాగేవాడైనా సరే, చట్టసభలో మద్యానికి వ్యతిరేకంగా ఓటు వేస్తే చాలు. ఒహాయో గవర్నర్ మైరన్ హెరిక్ స్థానిక నిషేధ బిల్లును నీరుగార్చాడు. 1905లో లీగ్ అతని ప్రత్యర్థిని బలపరిచింది. రిపబ్లికన్ల కంచుకోట లాంటి రాష్ట్రంలో హెరిక్ ఓడిపోయాడు. ఆ తరవాత ఏ నాయకుడూ లీగ్‌ను తేలిగ్గా తీసుకోలేదు. 1919లో 18వ రాజ్యాంగ సవరణ ఆమోదం పొందింది; 1920 జనవరి నుంచి దేశవ్యాప్త నిషేధం అమల్లోకి వచ్చింది.

పద్నాలుగేళ్లు తిరక్కుండానే, 1933 డిసెంబరులో అది రద్దయింది. కారణాలు చాలా ఉన్నాయి. సంస్థాగతమైనది మాత్రం స్పష్టం. లీగ్ శాసనసభ్యులను గెలిచింది, పట్టణాల్లోని కాథలిక్, వలస కార్మికుల పేటలను గెలవలేదు. ఆ మనుషులతో ఎప్పుడూ కలిసి కూర్చోలేదు. చట్టం వచ్చాక ఏం చేయాలన్న దానిపై నాయకత్వం రెండుగా చీలింది. వేన్ వీలర్ పోలీసు కఠినత్వం కావాలన్నాడు. ఎర్నెస్ట్ చెరింగ్టన్ జనానికి బోధించడం ముఖ్యమన్నాడు. ఓటు లెక్కతో తెచ్చిన చట్టాన్ని జనం అలవాటు నిలబెట్టాలి. ఆ అలవాటు కోసం లీగ్ వేసుకున్న ప్రణాళిక పేలవమైనది. పద్ధతిలో లీగ్‌ను మించిన సంస్థను చూపించడం కష్టం. అందుకే ఈ వైఫల్యం ఎక్కువ నేర్పుతుంది.

381 రోజులు బస్సు ఎక్కకుండా

అలబామా రాష్ట్రం మాంట్‌గోమరీలో 1955 డిసెంబరు 1, గురువారం నాడు నల్లజాతి స్త్రీ రోజా పార్క్స్ బస్సులో తెల్లవారికి సీటు ఖాళీ చేయనందుకు అరెస్టయింది. ఆ రాత్రే మహిళా రాజకీయ మండలికి చెందిన జో యాన్ రాబిన్సన్ వేలకొద్దీ కరపత్రాలు సైక్లోస్టయిల్ తీయించింది. శుక్రవారం పాస్టర్లు కూడారు. ఆదివారం వేదికల మీంచి ప్రకటించారు. సోమవారం బస్సులు ఖాళీగా తిరిగాయి. ఆ సాయంత్రం హోల్ట్ స్ట్రీట్ బాప్టిస్టు మందిరం నిండిపోయి జనం బయట నిలబడ్డారు. నాలుగు రోజుల్లో నగరం మొత్తం కదిలిందంటే, కబురు చేరవేసే దారులన్నీ అంతకుముందే వేసి ఉన్నాయి కాబట్టే.

ఒక్క రోజు బహిష్కరణ తేలిక. దాన్ని 381 రోజులు నడపాలంటే కూలీలను పనికి చేర్చాలి. మొదట టాక్సీలు బస్సు చార్జీ అయిన పది సెంట్లకే ఎక్కించుకున్నాయి. కనీసం 45 సెంట్లు తీసుకోవాల్సిందేనని నగర అధికారులు పాత నిబంధన బయటికి తీశారు. 1953లో లూసియానా రాష్ట్రం బేటన్ రూజ్‌లో ఇలాంటి బహిష్కరణే నడిపిన పాస్టర్ టి.జె. జెమిసన్‌ను మార్టిన్ లూథర్ కింగ్ ఫోన్లో సంప్రదించి కార్ల ఏర్పాటు వివరాలు తెలుసుకున్నాడు. రవాణా కమిటీ సొంత కార్లున్నవాళ్ల జాబితా తయారుచేసింది. ఉదయం ఎక్కించుకోవడానికీ, సాయంత్రం ఇళ్లకు చేర్చడానికీ 40కి పైగా చోట్లు గుర్తించింది. తరవాత కొన్న స్టేషన్ వ్యాగన్లను సంఘాల పేరిట రిజిస్టరు చేయించారు. వాటికి బీమా రద్దయితే లండన్‌లోని లాయిడ్స్ ద్వారా కొత్త పాలసీ తెచ్చుకున్నారు. పెట్రోలు, మరమ్మతులు, టైర్ల ఖర్చు వారానికి రెండుసార్లు వేర్వేరు మందిరాల్లో జరిగే సభల్లో పట్టిన కానుకల నుంచీ, బయటి ఊళ్ల నుంచి వచ్చిన విరాళాల నుంచీ వచ్చేది. సభలు ఒకే మందిరంలో పెట్టకుండా తిప్పడం వల్ల ఏ ఒక్క పాస్టరుదీ పైచేయి కాలేదు.

ఇక్కడ పాలన పద్ధతి కూడా కలిసొచ్చింది. నల్లజాతి బాప్టిస్టు పాస్టరుకు జీతం ఇచ్చేది ఆ సంఘమే. స్కూలు టీచరును తెల్లవాళ్ల బోర్డు తీసేయగలదు, పాస్టరును తీసేయలేదు. అందుకే ముందు నిలబడి మాట్లాడే పని పాస్టర్లకు వచ్చింది.

కష్టాలు లోపలి నుంచి కూడా వచ్చాయి. 1956 జూన్‌లో ఉద్యమ సంస్థ కార్యదర్శే డబ్బు దుర్వినియోగమవుతోందని బహిరంగంగా ఆరోపించి, వారానికల్లా ఆ మాట వెనక్కి తీసుకున్నాడు. అప్పటికే పత్రికల్లో వచ్చేసింది. నల్లజాతివారి అతిపెద్ద బాప్టిస్టు మహాసభ అధ్యక్షుడు జె.హెచ్. జాక్సన్ ఈ తరహా పోరాటాలను తరవాతి ఏళ్లలో వ్యతిరేకించాడు. చివరికి 1961లో కింగ్ పక్షంవారు విడిపోయి కొత్త మహాసభ పెట్టుకున్నారు. 1957లో పుట్టిన సదరన్ క్రిస్టియన్ లీడర్‌షిప్ కాన్ఫరెన్స్ వ్యక్తులను కాకుండా స్థానిక సంఘాలను, సంస్థలను సభ్యులుగా చేర్చుకుంది. అలా అప్పటికే ఉన్న హక్కుల సంస్థలతో సభ్యత్వాల పోటీ తప్పింది, మహాసభ అనుమతి అవసరమూ తప్పింది.

విచారణ, వాటాలు

గట్టి నివేదిక ఒక్కోసారి ఊరేగింపు కన్నా ఎక్కువ పని చేస్తుంది. 1919లో అమెరికా ఉక్కు కార్మికులు సమ్మె చేసి ఓడిపోయారు. చర్చిల ఉమ్మడి వేదిక ఒకటి మెథడిస్టు బిషప్ ఫ్రాన్సిస్ మెకానెల్ అధ్యక్షతన విచారణ సంఘం వేసి, పరిశోధకులను ఉక్కు పట్టణాలకు పంపింది. పన్నెండు గంటల షిఫ్టుల గురించి 1920లో అచ్చయిన ఆ నివేదికను కంపెనీ కొట్టిపారేసింది. కానీ దేశమంతా దాని మీద చర్చ నడిచింది. 1923లో యు.ఎస్. స్టీల్ ఆ పన్నెండు గంటల పద్ధతికి స్వస్తి చెప్పింది. నివేదిక తెచ్చిన వేదిక మాత్రం అప్పటికే అప్పులతో కూలిపోయింది. వసూలవుతుందని అనుకున్న డబ్బును నమ్ముకుని ముందే ఖర్చు చేయడం దాని పొరపాటు.

సంఘాల పింఛను నిధులు కంపెనీల్లో వాటాలు కొంటాయి. ఆ వాటాలకు ఓటు ఉంటుంది. 1971లో అమెరికా ఎపిస్కోపల్ చర్చి జనరల్ మోటార్స్ వాటాదారుల సభలో, దక్షిణాఫ్రికాలో వ్యాపారం మానుకోవాలని ప్రతిపాదించింది. నెగ్గలేదు. కానీ అక్కడి నుంచి అదొక పద్ధతిగా స్థిరపడింది. 2020లో సవరించిన అమెరికా నిబంధనల ప్రకారం 2,000 డాలర్ల వాటాలు మూడేళ్లు, లేదా 15,000 డాలర్లవి రెండేళ్లు, లేదా 25,000 డాలర్లవి ఏడాది అట్టిపెట్టుకున్నవారు ప్రతిపాదన ఇవ్వవచ్చు. అది వివరణతో కలిపి 500 మాటలు దాటకూడదు. తిరిగి పెట్టాలంటే మొదటిసారి 5 శాతం, రెండోసారి 15, మూడోసారి 25 శాతం ఓట్లు వచ్చి ఉండాలి. ఒక సంవత్సరం కోపంతో అమ్మేసిన వాటాలకు మాట్లాడే హక్కు ఉండదన్నది ఇక్కడ గుర్తుంచుకోవలసిన సంగతి.

ఒక స్థానిక సంఘం తన స్థాయిలో పని చేపట్టాలంటే ఇంత హంగు అక్కర్లేదు. ‘పేదరికం’ అంటే సమస్య కాదు, అంశం. ‘ఫలానా ఆఫీసు ఫలానా నిబంధనను మార్చాలి’ అన్నది సమస్య. మార్చగల అధికారి ఎవరో పేరుతో సహా తెలియాలి. కమిటీలో ఐదారుగురు చాలు, అందులో సగం మంది ఆ ఇబ్బంది స్వయంగా పడుతున్నవాళ్లయితే మంచిది. సంఘ పెద్దల సమావేశంలో నిర్ణయం మినిట్స్‌లోకి ఎక్కాలి. లేకపోతే మొదటి ఒత్తిడి రాగానే ఎవరూ బాధ్యత తీసుకోరు. డబ్బు సాధారణ కానుకల్లో కలపకుండా విడి ఖాతాలో, ఇద్దరి సంతకాలతో ఉండాలి. నెలనెలా లెక్క గోడకు అంటించాలి. బాధితుల కథ చెప్పే ముందు వాళ్ల అనుమతి తీసుకోవాలి, ఊరు పేరు మార్చాలా అని అడగాలి. దేశ చట్టం ఏం ఒప్పుకుంటుందో మొదట్లోనే వకీలును అడగాలి: అమెరికాలో 1954 నుంచి ఉన్న నిబంధన పన్ను మినహాయింపు పొందే సంస్థలు ఎన్నికల్లో ఫలానా అభ్యర్థికి ఓటేయమని చెప్పకూడదంటుంది; చట్టాల గురించి మాట్లాడటానికి మాత్రం పరిమితంగా వీలుంది.

ఎక్కడ తెగిపోతుంది

దక్షిణాఫ్రికాలో పోలీసులు నల్లజాతి నిరసనకారులను చంపిన షార్ప్‌విల్ కాల్పుల తరవాత, 1960 డిసెంబరులో కాటెస్లో అనేచోట చర్చిల ప్రతినిధులు సమావేశమై జాతివివక్షను తప్పుపట్టే ప్రకటన చేశారు. తెల్లవారి డచ్ రిఫార్మ్‌డ్ చర్చి ప్రతినిధుల్లో చాలామంది దానికి ఒప్పుకున్నారు. వాళ్లు ఇళ్లకు చేరేసరికి ప్రధాని వెర్వుర్డ్ మండిపడుతున్నాడు, సంఘాల్లో సభ్యులు నిలదీస్తున్నారు. కొద్ది నెలల్లో వాళ్ల సినడ్‌లే (చర్చి పాలక సభలే) ఆ ప్రకటనను తోసిపుచ్చి, ప్రపంచ చర్చిల మండలి నుంచి బయటికి వచ్చేశాయి. ప్రతినిధులు ఒక వారంలో చేరుకున్న అభిప్రాయానికి సంఘ సభ్యులను తీసుకురావడానికి ఎవరూ ఏ ఏర్పాటూ చేయలేదు. పై సభకూ కింది బెంచీలకూ మధ్య ఉండే ఈ దూరమే ప్రొటెస్టెంటు సంస్కరణల్లో పదేపదే కనిపించే బలహీనత.

రెండో చోటు సంఘం సొంత ఆస్తి. ఇంగ్లండ్ సువార్త ప్రచార సంస్థ ఒకటి బార్బడోస్‌లో కాడ్రింగ్టన్ చెరకు తోటలకు, వాటిలోని బానిసలకు యజమాని. ‘సొసైటీ’ అన్న మాటను ఆ బానిసల ఛాతీల మీద కాల్చి ముద్రవేసిన కాలం ఉంది. బానిసత్వాన్నే రద్దు చేసిన 1833 చట్టం తరవాత బానిస యజమానులకు చెల్లించిన రెండు కోట్ల పౌండ్ల పరిహారంలో ఆ సంస్థకూ వాటా ముట్టింది. బయట దేనికోసమైనా గొంతెత్తే ముందు తమ ఆస్తుల జాబితా, తమ దగ్గర పనిచేసేవారి జీతాల పట్టిక తెరిచి చూసుకోవడం ఏ సంఘానికైనా మొదటి పని. ఎదుటివాళ్లు ఎలాగూ చూస్తారు.

చీలిక భయం మూడోది. ఒక బిషప్ బానిసలను కలిగి ఉండటం మీద 1844లో అమెరికా మెథడిస్టులు రెండుగా చీలారు. మరుసటి ఏడాది బాప్టిస్టులూ అంతే. మెథడిస్టులు 1939లో తిరిగి కలిసినప్పుడు నల్లజాతి సంఘాలను విడిగా ఒక ‘సెంట్రల్ జ్యూరిస్‌డిక్షన్’లో పెట్టారు. అది 1968 దాకా కొనసాగింది. ఐక్యతకు వెల ఎవరు చెల్లించారో ఆ 29 ఏళ్లే చెబుతాయి. చీలిక బాధాకరమే, కానీ బాధితుల తలమీద కట్టిన ఐక్యత అంతకన్నా మంచిదేమీ కాదు.

చట్టం రాగానే కమిటీ రద్దు చేసుకోవడం అన్నిటికన్నా ఎక్కువగా జరిగే తప్పు. 1833 చట్టం బ్రిటిష్ వలసల్లోని బానిసలకు వెంటనే స్వేచ్ఛ ఇవ్వలేదు. ‘అప్రెంటిస్’ పేరుతో పాత యజమానుల దగ్గరే కొన్నేళ్లు జీతం లేకుండా పనిచేయమంది. లండన్‌లో చాలామంది పని అయిపోయిందనుకున్నారు. బర్మింగ్‌హామ్ క్వేకర్ వ్యాపారి జోసెఫ్ స్టర్జ్ అలా అనుకోలేదు. 1836లో బయలుదేరి వెస్టిండీస్ దీవులు తిరిగాడు, జైళ్లలో శిక్షగా ఖైదీలను ఎక్కించి నడిపించే చక్రాలు చూశాడు, అప్రెంటిస్‌ల నోటి సాక్ష్యం రాసుకుని వచ్చి అచ్చువేయించాడు. పాత అర్జీల యంత్రాంగం మళ్లీ కదిలింది. 1840 దాకా సాగాల్సిన ఆ ఏర్పాటు 1838 ఆగస్టు 1న ముగిసింది.